పిల్లల గదిలో లాఫ్ట్ బెడ్: కొనే ముందు, బిగించేటప్పుడు

కొత్త దేశంలో మొదటి అద్దె ఇంట్లో పిల్లల గది చిన్నదిగానే ఉంటుంది. మంచం వేస్తే చదువుకునే బల్లకు చోటుండదు, బల్ల వేస్తే ఆడుకోవడానికి నేల మిగలదు. అందుకే చాలామంది లాఫ్ట్ బెడ్, అంటే నిచ్చెనెక్కి పైన పడుకునే, కింద చోటు మిగిలే ఎత్తు మంచం చూస్తారు. కొనేదేదో ఎత్తు మార్చుకునే రకమే కొనండి. ఉదాహరణకు ఐకియా కంపెనీ కురా మంచాన్ని తలకిందులు చేస్తే ఎత్తు మంచం కాస్తా నేలకు దగ్గరగా ఉండే మంచం అవుతుంది. ఆరేళ్లు నిండని పిల్లల్ని పైన పడుకోబెట్టకూడదు. మీ పాపకు నాలుగేళ్లే అయితే ఇప్పుడు కిందికి బిగించి, రెండేళ్లు పోయాక పైకి మార్చండి.

అసలు జాగ్రత్త పరుపు దగ్గరే. వచ్చిన కొత్తలో మేం మంచం ఒకచోట, పరుపు ఇంకోచోట కొన్నాం. మెత్తగా ఉంటుందని పది అంగుళాల మందం ఉన్నది తెచ్చాం. తీరా వేసి చూస్తే రెయిలింగ్ పరుపు పైన రెండు వేళ్లంత కూడా లేదు. బాబు నిద్రలో ఒక్కసారి పొర్లితే చాలు, కింద పడతాడు. ఆ రాత్రి వాణ్ని నేల మీదే పడుకోబెట్టి, మర్నాడు పల్చటి పరుపు తెచ్చుకున్నాం.

అమెరికా నిబంధనల ప్రకారం బంక్ బెడ్లకు (ఒకదానిపై ఒకటి ఉండే మంచాలకు) పరుపు పైభాగం నుంచి రెయిలింగ్ కనీసం 5 అంగుళాలు పైకి ఉండాలి, సందులు 3.5 అంగుళాలు దాటకూడదు. మీరు ఏ దేశంలో ఉన్నా మాన్యువల్‌లో రాసిన పరుపు మందం మించనివ్వకండి. టేపు పెట్టి కొలిచాకే పిల్లల్ని ఎక్కించండి. సైజులూ ఒకటి కావు. అమెరికాలో ట్విన్ అనే ఒక్కరి పరుపు 38×75 అంగుళాలు, యూరప్‌లో చాలాచోట్ల సింగిల్ 90×200 సెంటీమీటర్లు. ఒకచోటి మంచంలో ఇంకోచోటి పరుపు వేస్తే పక్కన సందు మిగులుతుంది. పిల్లల చెయ్యో కాలో అందులో ఇరుక్కోవచ్చు.

మంచం సీలింగ్ ఫ్యాన్ కిందా, కిటికీ పక్కనా వేయకండి. పైన కూర్చుంటే తల తగలకూడదు.

బిగించడానికి ఇద్దరు కావాలి. ముందు స్క్రూలను రకాలవారీగా గిన్నెల్లో వేసి, మాన్యువల్‌తో లెక్క సరిచూసుకోండి. బోల్టులన్నీ మొదట వదులుగానే ఎక్కించండి. మొదటిదాన్నే గట్టిగా బిగిస్తే నాలుగోదాని దగ్గరకొచ్చేసరికి రంధ్రాలు కలవవు. ఫ్రేమ్ వంకర లేకుండా నిలబడ్డాక, పెట్టెలో వచ్చిన బోల్టులు బిగించే కీతో చేత్తోనే అన్నీ బిగించండి. డ్రిల్ వాడితే చెక్కలో మర పాడైపోతుంది, ఆ తర్వాత బోల్టు నిలవదు. రెండు వారాల తర్వాత నిచ్చెన పట్టుకుని ఊపి చూడండి. కిర్రుమంటే మళ్లీ ఒక చుట్టు బిగించాలి.

ఇక అలంకరణ. రంగు వేయాలనుకుంటే బిగించకముందే వేసి, వాసన పూర్తిగా పోనివ్వండి. కింద కర్టెన్ కట్టి, చిన్న లైటు, పుస్తకాల అర పెడితే పిల్లలు అక్కడి నుంచి కదలరు. మంచం కాళ్లకు, నిచ్చెనకు మాత్రం కొత్తగా రంధ్రాలు వేయొద్దు, బలం తగ్గిపోతుంది. రెయిలింగ్‌కు తాళ్లు, బెల్టులు, స్కిప్పింగ్ రోప్ లాంటివి అస్సలు కట్టనివ్వకండి. ఆటలో మెడకు చుట్టుకుంటే ప్రాణాల మీదికి వస్తుంది. గోడకు బిగించాల్సిన మోడలైతే ముందే ఇంటి ఓనర్‌ని అడగండి.

మిగిలిన స్క్రూలు, కీ, మాన్యువల్ ఒక కవర్‌లో వేసి మంచం అడుగున టేపుతో అంటించండి. ఎత్తు మార్చే రోజూ, ఇల్లు మారే రోజూ వెతుక్కునే పని ఉండదు.