ప్యాకేజీలపై సంతకానికి కీల జంటను తయారుచేసుకోవడం

నెల్లూరులో మనం తయారుచేసిన సాఫ్ట్‌వేర్ ప్యాకేజీని ఒంగోలులో ఎవరైనా దించుకున్నప్పుడు, అది దారిలో మారలేదని తేల్చిచెప్పేది డిజిటల్ సంతకమే. దానికి సంతకం చేసే రహస్య కీ, ఆ సంతకాన్ని సరిచూసే పబ్లిక్ కీ అనే జంట కావాలి.

టెర్మినల్‌లో జీపీజీ అనే సంతకాల ప్రోగ్రామును పూర్తి స్థాయి కీ తయారీ ఆప్షన్‌తో నడిపితే, ముందు కీ రకాన్ని అడుగుతుంది. పాత వ్యవస్థల్లోనూ చెల్లాలంటే 4096 బిట్ల ఆర్‌ఎస్‌ఏ అనే రకాన్ని ఎంచుకోవాలి. గడువు 2 ఏళ్లు పెట్టడమే నాకు సబబుగా తోస్తుంది. రహస్య కీ మన దగ్గరుంటే దాన్ని ఎప్పుడైనా పొడిగించుకోవచ్చు, పోగొట్టుకుంటే మాత్రం ఆ కీ గడువు తీరగానే దానంతటదే చెల్లకుండా పోతుంది. రహస్య కీని కాపాడే పాస్‌ఫ్రేజ్‌లో, అంటే పలు మాటల పాస్‌వర్డ్‌లో, ఇంటిపేరు, ఊరిపేరు వద్దు. పొంతనలేని ఆరేడు మాటలు చాలు.

అసలు జాగ్రత్త ఇకపైనే ఉంది. కీతోపాటే తయారయ్యే, అవసరమైతే ఆ కీ ఇక చెల్లదని ప్రకటించే రద్దు పత్రాన్ని కాగితంపై అచ్చువేసి విడిగా ఉంచాలి. రహస్య కీ నకలును పెన్‌డ్రైవులోకి ఎక్కించి, నమ్మకమైన బంధువుల ఇంట, వీలైతే వేరే ఊళ్లో దాచాలి. 2015 నవంబరు వరదలను చూసిన నెల్లూరువారికి దీని కారణం వివరించనక్కరలేదు.

ఆపైన పబ్లిక్ కీని మాత్రమే ఎగుమతి చేసి అందరికీ ఇవ్వాలి. దాని వేలిముద్రలోని, అంటే ఆ కీని గుర్తుపట్టే సంకేతంలోని 40 అక్షరాలను, అంకెలను వాడుకరులు ఫోనులో మీతో చదివించుకుని సరిచూసుకోవాలి.