అమెరికా కాలేజీ కుస్తీ స్కోర్లు చదవడం ఎలా: పాయింట్లు ఫైనల్లో కాదు, శుక్రవారం వస్తాయి

ఏటా మార్చిలో అమెరికా కాలేజీ క్రీడల సంస్థ ఎన్‌సీఏఏ డివిజన్ 1 రెజ్లింగ్ చాంపియన్‌షిప్ జరిగే మూడు రోజులూ (గురు, శుక్ర, శని) స్కోరుబోర్డు చూస్తే కొత్తవాళ్లకు తల తిరుగుతుంది. ఒకడు పొద్దున ఓడిపోతాడు, సాయంత్రం అతని వల్లే జట్టుకు పాయింట్లు వస్తుంటాయి. ఇంకొకడు ఏకంగా చాంపియన్ అవుతాడు, జట్టు స్కోరు మాత్రం నాలుగంటే నాలుగు పెరుగుతుంది. ఇందులో తిరకాసేమీ లేదు, మూడు లెక్కలు విడివిడిగా పట్టుకుంటే చాలు. ఒలింపిక్స్‌లో చూసిన ఫ్రీస్టైల్ లెక్కలు మాత్రం ఇక్కడ పక్కన పెట్టేయండి, రెండూ కలిపితే అంతా గందరగోళమే.

ముందు టోర్నీ స్వరూపం. 125 పౌండ్ల నుంచి 285 దాకా పది బరువులు, ఒక్కో బరువులో 33 మంది, మొత్తం 330. జట్టుకు ఒక్కో బరువులో ఒక్కడే. మొదటి ఎనిమిది స్థానాల్లో నిలిచినవాళ్లు ఆల్-అమెరికన్లు. ఒకసారి ఓడితే కన్సొలేషన్ బ్రాకెట్‌లోకి, అంటే ఓడినవాళ్ల పోటీల వరుసలోకి దిగుతారు, అక్కడి నుంచి గెలుచుకుంటూ పోతే మూడో స్థానం దాకా వెళ్లొచ్చు.

మొదటి లెక్క: బౌట్ లోపల

టేక్‌డౌన్ (నిలబడ్డ ప్రత్యర్థిని పడగొట్టి అదుపులోకి తీసుకోవడం) 3, ఎస్కేప్ (కింద ఉన్నవాడు విడిపించుకోవడం) 1, రివర్సల్ (కింద ఉన్నవాడు తిరగబడి పైకి రావడం) 2. ప్రత్యర్థి వీపును నేలకు దగ్గరగా వంచి పట్టుకుంటే నియర్ ఫాల్, ఎంతసేపు పట్టాడన్నదాన్ని బట్టి 2, 3 లేదా 4. రైడింగ్ టైం అంటే పైన ఉండి అవతలివాణ్ణి అదుపులో పెట్టిన సమయం. ఇద్దరి సమయాల తేడా ఒక నిమిషమైనా ఉంటే బౌట్ చివర 1 పాయింట్ కలుస్తుంది. పీరియడ్లు 3, 2, 2 నిమిషాలు.

2025లో ఫిలడెల్ఫియాలో 285 పౌండ్ల ఫైనల్ చూడండి. ఓక్లహోమా స్టేట్ కుర్రాడు వయట్ హెండ్రిక్సన్ ఎదురుగా టోక్యో ఒలింపిక్ చాంపియన్ గేబుల్ స్టీవ్‌సన్. 4-2తో వెనకబడ్డ హెండ్రిక్సన్ ఆఖరి క్షణాల్లో ఒకే ఒక్క టేక్‌డౌన్ కొట్టి 5-4తో గెలిచాడు. 2023-24 సీజన్‌కు ముందు టేక్‌డౌన్‌కు 2 పాయింట్లే ఉండేవి, అప్పుడు రెండు పాయింట్లు వెనకబడ్డవాడు ఆఖర్లో టేక్‌డౌన్ కొడితే స్కోరు సమం అయ్యేది, అంతే. ఇప్పుడు నేరుగా గెలుపే. అందుకే స్కోరు చూడగానే ఎవరు ముందున్నారని కాదు, తేడా 3 కన్నా తక్కువా ఎక్కువా అని చూడండి.

రెండో లెక్క: గెలిచిన తీరు

ఫలితాల షీటులో పేరు పక్కన చిన్న గుర్తులుంటాయి. డెక్ అంటే మామూలు డెసిషన్, తేడా 7 లోపు, జట్టుకు బోనస్ సున్నా. ఎండీ అంటే మేజర్ డెసిషన్, తేడా 8 నుంచి 14, బోనస్ 1. టీఎఫ్ అంటే టెక్నికల్ ఫాల్, తేడా 15కు చేరగానే బౌట్ ఆగిపోతుంది, బోనస్ 1.5. ఫాల్ అంటే పిన్, అవతలివాడి భుజాలు నేలకు అదిమి బౌట్ అక్కడికక్కడే ముగించడం, బోనస్ 2. ఎస్‌వీ, టీబీ అని కనిపిస్తే ఓవర్‌టైంలో తేలిందని, వాటికీ బోనస్ లేదు.

టేక్‌డౌన్‌కు 3 ఇవ్వడం వల్ల అసలు మార్పు వచ్చింది ఇక్కడే, కానీ దీని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. బాగా ఆడేవాడు ఒక పద్ధతి పాటిస్తాడు: పడగొట్టడం, వదిలేయడం, మళ్లీ పడగొట్టడం. వదిలిన ప్రతిసారీ అవతలివాడికి ఎస్కేప్ 1. పాత లెక్కలో అలా ఒక్కో విడతకు మిగిలేది 1, ఇప్పుడు 2. కాగితం మీద వేసి చూడండి, పాత లెక్కలో కేవలం ఈ పద్ధతితో మేజర్ కావాలంటే ఏడు టేక్‌డౌన్లు కావాలి, ఇప్పుడు నాలుగు చాలు, ఎందుకంటే 12-3 అంటే తేడా 9. టెక్నికల్ ఫాల్‌కు అప్పుడు 14 టేక్‌డౌన్లు, ఏడు నిమిషాల్లో దాదాపు అసాధ్యం. ఇప్పుడు ఏడు చాలు. కాబట్టి 2023కు ముందు ఆడినవాడి బోనస్ శాతాన్ని ఇప్పటివాడితో పోల్చి ఇతనే గొప్ప అని వాదించేవాళ్లను చూస్తే నాకు నవ్వొస్తుంది.

మూడో లెక్క: ఏ రౌండ్ ఎంత ఖరీదు

స్థానాల పాయింట్లు ఒకటి నుంచి ఎనిమిది దాకా ఇవి: 16, 12, 10, 9, 7, 6, 4, 3. వీటికి తోడు, పై బ్రాకెట్‌లో గెలిచి ముందుకెళ్తే 1, కన్సొలేషన్‌లో అయితే 0.5. స్థానం తేల్చే ఆఖరి బౌట్లకు మాత్రం ఈ ముందడుగు పాయింట్ ఉండదు. ఇక అసలు కిటుకు: ఒక స్థానం ఖాయం కాగానే దాని పాయింట్లు అప్పటికప్పుడే జట్టు ఖాతాలో పడతాయి.

క్వార్టర్‌ఫైనల్ గెలిచాడంటే ఇక ఎంత ఘోరంగా ఆడినా ఆరో స్థానం ఖాయం, అంటే 6, ముందుకెళ్లినందుకు ఇంకో 1, మొత్తం 7. సెమీస్ గెలిస్తే కనీసం రెండో స్థానం, అంటే 6 నుంచి 12కు ఎగిరి, మళ్లీ ఇంకో 1, అక్కడా 7. ఫైనల్ గెలిస్తే 12 నుంచి 16, అంటే 4. హెండ్రిక్సన్ గెలుపుకు హాలంతా లేచి నిలబడింది, జట్టుకు దక్కింది ఆ 4 మాత్రమే. అంతకు ముందు రోజు, శుక్రవారం, జరిగిన ప్రతి క్వార్టర్‌ఫైనల్, ప్రతి సెమీస్ దానికన్నా ఖరీదైనవి.

కన్సొలేషన్‌లో బ్లడ్ రౌండ్ అని పిలిచే బౌట్ ఉంటుంది, గెలిస్తే ఆల్-అమెరికన్, ఓడితే ఉత్త చేతులతో ఇంటికి. గెలిచినవాడి జట్టుకు 3.5. టెన్షన్ చూడాలంటే నా మటుకు ఫైనల్స్ కన్నా ఇదే. ఇంకో సంగతి, కన్సొలేషన్‌లోనూ బోనస్ తగ్గదు. అక్కడ తొలి రౌండ్‌లో పిన్ కొడితే 0.5కు 2 కలిసి 2.5 వస్తుంది, పైన కష్టపడి 4-2తో నెగ్గినవాడికి వచ్చేది 1.

ఇప్పుడు మీ సొంత పట్టిక

2019 నుంచి 33 మందికీ సీడ్, అంటే టోర్నీకి ముందే ర్యాంకు, ఇస్తున్నారు కాబట్టి పని తేలికైంది. అందరూ సీడ్ ప్రకారమే ముగిస్తే బోనస్ లేకుండా ఎవరికి ఎంత రావాలో లెక్కేస్తే ఇలా తేలుతుంది: 1కి 20, 2కి 16, 3కి 13.5, 4కి 12.5, 5కి 10, 6కి 9, 7కి 6.5, 8కి 5.5, 9 నుంచి 12 దాకా తలా 2. ఈ అంకెలు ఒక నిలువు వరుసలో రాసుకోండి, పక్క వరుసలో నిజంగా వచ్చినవి, మూడో దానిలో బోనస్ విడిగా. ఎనిమిదికీ తొమ్మిదికీ మధ్య ఆ గొయ్యి చూశారుగా, జట్ల అంచనాలు ఎక్కువగా తలకిందులయ్యేది అక్కడే.

బోనస్‌ను కూడా గురువారం వచ్చింది వేరు, క్వార్టర్స్ నుంచి వచ్చింది వేరుగా రాయండి. మొదటి రోజు పై సీడ్లకు ఎదురొచ్చేది ముప్పైల్లో ఉన్న సీడ్లు, అక్కడ టెక్నికల్ ఫాల్ కొట్టడం చూసి ఫామ్‌లో ఉన్నాడని తేల్చేస్తే శుక్రవారం దెబ్బతింటారు. అలాగే ఫైనల్స్ ఏడాదికి పదే, ఆ పదింటిలో మూడు సంచలనాలు జరిగాయని ట్రెండ్ పేరుతో గీతలు గీయొద్దు. టోర్నీ మొత్తంలో 600కు పైగా బౌట్లు ఉంటాయి, ట్రెండ్ కావాలంటే వాటిలో వెతకండి.

ఈ పట్టిక పెట్టుకుంటే జట్టు రికార్డులు ఎందుకలా ఉన్నాయో కూడా అర్థమవుతుంది. డాన్ గేబుల్ కోచ్‌గా ఆఖరి ఏడాది, 1997లో, అయోవా ఐదుగురు చాంపియన్లతో 170 పాయింట్లు కొట్టింది. 2024లో పెన్ స్టేట్ నలుగురు చాంపియన్లతో 172.5. 2025లో మళ్లీ పెన్ స్టేటే, 177, చాంపియన్లు మాత్రం ఇద్దరే, కార్టర్ స్టారోచి, మిచెల్ మెసెన్‌బ్రింక్. చాంపియన్లు తగ్గుతుంటే స్కోరెలా పెరిగింది? ఆ ఏడాది వాళ్ల పది మందీ ఆల్-అమెరికన్లే. బోనస్ తీసేసి చూడండి, ఐదుగురు చాంపియన్లు మాత్రమే ఉండి మిగతావాళ్లు ఏమీ తేకపోతే 100. సెమీస్‌లో ఓడి మూడో స్థానంతో ముగించినవాళ్లు పది మంది ఉంటే 135.