చిన్న తెరచాప పడవలో తడిసిన వానకోట్లను ఆరబెట్టడం, భద్రపరచడం

సియాటెల్‌లో ఏడాది మొత్తం మీద కురిసే వాన సుమారు 950 మిల్లీమీటర్లు. విశాఖపట్నంలో పడేది అంతకు తక్కువేమీ కాదు. అయితే మన తీరాన వాన కుండపోతగా కురిసి వెలుస్తుంది, ఆ తరువాత కాస్త ఎండ పొడిచినా తడిసిన బట్ట పూటలో ఆరిపోతుంది. సియాటెల్‌ను ఆనుకుని ఉన్న ప్యూజెట్ సౌండ్ జలాల్లో మాత్రం అక్టోబరు నుంచి మార్చి దాకా సన్నటి తుంపర రోజుల తరబడి వదలకుండా పడుతూనే ఉంటుంది. గాలి చల్లగా, చెమ్మగా ఉండి దండెం మీద వేసిన బట్ట వేసినట్టే ఉంటుంది. ఆ ప్రాంతంలో ఉద్యోగాలు చేసుకుంటూ వారాంతాల్లో పాతిక ముప్పై అడుగుల తెరచాప పడవల మీద శాన్ వాన్ దీవుల వైపు వెళ్లే తెలుగువారు ఈ చిక్కును తప్పకుండా ఎదుర్కొంటారు.

అన్నిటికంటే ముందు వదిలించుకోవలసింది ఉప్పును. కెరటాల జల్లుకు తడిసిన జాకెట్‌లో అర లీటరు సముద్రపు నీరు నిలిచిందనుకుంటే, ఆ నీరు ఆవిరైపోయాక బట్టలో సుమారు 15 గ్రాముల ఉప్పు, అంటే మూడు చిన్న చెంచాలంత, మిగిలిపోతుంది. మామూలు ఉప్పు గాలిలో తేమ 75 శాతం దాటగానే నీటిని పీల్చుకుంటుంది. సముద్రపు నీటిలో దానితోపాటు ఉండే మెగ్నీషియం క్లోరైడ్ అంతకంటే చాలా పొడిగా ఉన్న గాలి నుంచి కూడా చెమ్మను లాక్కుంటుంది. అందువల్ల ఉప్పు పట్టిన కోటు మధ్యాహ్నం ఆరినట్టే కనిపించి, సాయంత్రానికి మళ్లీ జిగటగా తయారవుతుంది. ఎన్నిసార్లు ఆరబెట్టినా ఇదే తంతు.

చిన్న పడవ ట్యాంకులో మంచినీళ్లు పరిమితంగానే ఉంటాయి కనుక కోటును బకెట్లో ముంచి జాడించడం సాధ్యం కాదు. స్పాంజిని మంచినీటిలో తడిపి మెడపట్టీ, ముంజేతి పట్టీలు, జిప్పు, ప్యాంటులో కూర్చునే చోటు, మోకాళ్లు అనే వరుసలో తుడిస్తే రెండు లీటర్లలో పని ముగుస్తుంది. ఉప్పు పేరుకునేది ఎక్కువగా ఆ భాగాల్లోనే. ఇంతకంటే సులువైన మార్గం వానే. జల్లు పడుతున్నంతసేపు ఉప్పు కోటును లోపలికి తేకుండా బయటే బూమ్‌కు, అంటే తెరచాప అడుగు అంచున అడ్డంగా ఉండే దూలానికి, కట్టి వదిలేస్తే, పైసా ఖర్చు లేకుండా అదే కడిగిపెడుతుంది. తడిసిన కోటును ఇంకా తడపడమేమిటని కొత్తవారికి వింతగా అనిపిస్తుంది గానీ, వాననీటితో తడిసిన కోటు ఉప్పునీటితో తడిసిన కోటు కంటే త్వరగా ఆరుతుంది.

వాన తెరిపి ఇచ్చినప్పుడు ఆరబెట్టే చోటు కూడా బూమ్ కిందే. లంగరు వేసిన పడవ సాధారణంగా గాలికి ఎదురుగా తిరిగి నిలుస్తుంది కాబట్టి అక్కడ గాలి ఎప్పుడూ ఆడుతుంటుంది. రెండు చేతుల గుండా ఒక కర్రను దూర్చి, జిప్పు తెరిచి, చేలో దిష్టిబొమ్మలా నిలబెట్టినట్టు వేలాడదీస్తే చంకల్లోకీ మోచేతుల్లోకీ గాలి చేరుతుంది. చివరిదాకా ఆరకుండా మిగిలేవి ఆ మడతలే. ఆ కర్రను కొక్కేనికి తగిలించి ఊరుకోకుండా తాడుతో ముడివేయాలి, లేకపోతే ఒక్క గట్టి గాలికి జాకెట్ నీళ్ల పాలవుతుంది.

రోజంతా వాన విడవనప్పుడు లోపలికి తేక తప్పదు. అప్పుడు పాటించవలసింది ఒక్కటే: తడి వస్తువులన్నీ ఒకే చోట ఉండాలి, ఆ చోటు దిగుడు మెట్లకు దగ్గరగా ఉండాలి. పెద్ద పడవల్లో ఇందుకు ప్రత్యేకంగా అల్మారా ఉంటుంది. చిన్నవాటిలో టాయిలెట్ గదే అందుకు తగినది, ఎందుకంటే దాని నేల తడవడానికి సిద్ధంగానే ఉంటుంది, తలుపు కూడా మూసుకోవచ్చు. అది కూడా లేకపోతే మెట్ల పక్కన రెండు కొక్కేలు బిగించి, చుట్టూ షవర్ కర్టెన్ కట్టి, కింద ప్లాస్టిక్ తొట్టి పెడితే సరిపోతుంది. మెట్లు దిగకముందే కోటును బయట గట్టిగా దులపాలి. పడక మీద తడి కోటు పడేయడాన్ని మాత్రం ఎవరికీ, ఎంత అలసిపోయి వచ్చినా, అనుమతించకూడదు. పరుపులోకి దిగిన ఉప్పునీరు ఆ సీజన్ ముగిసేదాకా వదలదు.

ఇక వేడి సంగతి. క్యాబిన్‌ను వెచ్చగా చేస్తే బట్టలు ఆరతాయన్నది సగం నిజమే. ఇరవై ఏడు అడుగుల పడవలో లోపలి చోటు సుమారు 12 ఘనపు మీటర్లు అనుకుందాం. 10 డిగ్రీల సెల్సియస్ వద్ద ఆ గాలి మొత్తం మోయగలిగే నీటి ఆవిరి దాదాపు 110 గ్రాములు, 20 డిగ్రీలకు వేడి చేసినా 200 గ్రాములకు కాస్త అటూ ఇటూ. ఇద్దరి కోట్లలో ఉన్న నీరు దానికి కొన్ని రెట్లు ఉంటుంది. ఆ గాలి బయటికి పోయే దారి లేకపోతే, కోటులోంచి లేచిన ఆవిరి చల్లటి పడవ గోడలకు తగిలి మళ్లీ నీరై పరుపుల వెనక చేరుతుంది, వారం తిరిగేసరికి ముక్కిన వాసన, బూజు మొదలవుతాయి. కాబట్టి హీటర్ వెలిగించినంతసేపూ పైనొక కిటికీ, కిందొక సందు తెరిచే ఉంచాలి. వానలోనూ గాలి ఆడాలంటే డెక్ మీద బిగించే డొరేడ్ అనే గాలి పెట్టె మేలు. 1930లో నీటిలోకి దిగిన ఒక ప్రఖ్యాత రేసు పడవ పేరే దానికి వచ్చింది. లోపలి అడ్డుపలక నీటిని ఆపి డెక్ మీదికే వదిలేస్తుంది, గాలిని మాత్రం లోపలికి పోనిస్తుంది.

హీటర్ ఎంపికలో నా అభిప్రాయం స్పష్టం: పొగగొట్టం బయటికి ఉన్న డీజిల్ హీటరే కావాలి. పొగగొట్టం లేని గ్యాస్ హీటర్‌లో కిలో ప్రొపేన్ మండితే సుమారు 1.6 కిలోల నీటి ఆవిరి అదే గదిలోకి వస్తుంది, అంటే ఆరబెట్టడానికి వెలిగించిన మంటే తడిని పెంచుతుంది. దానికి తోడు మంట నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ వాయువు ప్రాణాంతకం. ఏ హీటర్ వాడినా ఆ వాయువును పసిగట్టే అలారం ఉండి తీరాలి, వంట పొయ్యి పైన బట్టలు వేలాడదీయనే కూడదు. కోట్ల వైపు తిప్పిన చిన్న 12 వోల్టుల ఫ్యాన్ బ్యాటరీని పెద్దగా తినదు, పైగా హీటర్ పనిని తేలిక చేస్తుంది. రేవులో కరెంటు అందుబాటులో ఉంటే గాలిలోని తేమను లాగేసే డీహ్యూమిడిఫయర్ ఉత్తమం. ఆ చలిలో కంప్రెసర్ రకం మందగిస్తుంది కనుక తేమను పీల్చే పదార్థంతో పనిచేసే డెసికెంట్ రకాన్ని ఎంచుకోవాలి.

బూట్ల లోపలి అట్టలు తీసేసి, పాత న్యూస్‌పేపర్లు కుక్కి, గంట రెండు గంటలకోసారి మార్చాలి.

ఇల్లు చేరాక జిప్పులన్నీ మూసి, లేబుల్ మీద ఉన్న సూచన ప్రకారం తక్కువ ఘాటు సబ్బుతో ఉతకాలి. ఫాబ్రిక్ సాఫ్ట్‌నర్ వాడకూడదు. లేబుల్ ఒప్పుకుంటే డ్రయ్యర్‌లో తక్కువ వేడి మీద తిప్పితే, నీటిని బొట్లుగా జారవిడిచే పైపూత మళ్లీ పని చేస్తుంది. దాచేటప్పుడు వెడల్పాటి హ్యాంగర్‌కు వదులుగా తగిలించాలి. ప్లాస్టిక్ సంచిలో మడిచి పెడితే, లోపలి పాలీయురిథేన్ పొర చెమ్మకూ వెచ్చదనానికీ విచ్ఛిన్నమై మొదట జిగురుగా, తరువాత పొట్టుగా రాలుతుంది. ఆ తరువాత ఆ కోటును బాగుచేసే ఉపాయం లేదు.

గాలితో ఉబ్బే లైఫ్ జాకెట్లను తడి కోట్ల మధ్య వేలాడదీయకూడదు. వాటిలో కొన్నింటికి నీటిలో కరిగే బిళ్ల ఆధారంగా తెరుచుకునే యంత్రం ఉంటుంది, చెమ్మ నిండిన అల్మారాలో ఆ బిళ్ల మెత్తబడి జాకెట్ దానంతటదే ఉబ్బిపోవచ్చు. నీటి ఒత్తిడితో పనిచేసే రకానికి ఈ బెడద తక్కువ. ఏ రకమైనా పైతడి తుడిచి, పొడి చోట విడిగా తగిలించి, లోపలి గ్యాస్ సిలిండర్ బిగువుగా ఉందో లేదో, దాని మీద తుప్పు చేరిందో లేదో మళ్లీ బయలుదేరే ముందు విప్పి చూసుకోవాలి.