ఏం మింగినా పైన సంగటి ముద్ద వేయకండి

మే నెల దగ్గర పడిందంటే తిరుపతిలో తాతయ్యగుంట గంగమ్మ జాతర హడావుడి మొదలవుతుంది. బడులకి సెలవులు, ఇళ్ళనిండా చుట్టాల పిల్లలు, పూటపూటకీ కోడో పొట్టేలో. సర్జరీ థియేటర్లో పదిహేనేళ్ళుగా నర్సుగా చేస్తున్నదాన్ని, ఈ రోజుల్లో ఫోన్ మోగితే నాకు గుండె గుభేలుమంటుంది. "అక్కా, పిల్లోడు ఏందో మింగేసినాడు. అరటిపండు పెట్టినాం, పొద్దున దాకా చూస్తాం" అంటారు. ఆ 'పొద్దున దాకా' అన్న మాటంటేనే నాకు భయం.

నిజానికి మింగినవాటిలో పదికి ఎనిమిదో తొమ్మిదో వాటంతటవే మలంలో వెళ్ళిపోతాయి. మిగతావాటిలో చాలామటుకు ఎండోస్కోపీతో, అంటే నోట్లోంచి గొట్టం పంపి, తీసేస్తారు. పొట్ట కోయాల్సినవి నూటికి ఒకటి కూడా ఉండవు. కాబట్టి రూపాయి బిళ్ళ మింగాడని ఇల్లంతా ఏడవక్కర్లేదు. ఎక్స్‌రే తీయించండి. బిళ్ళ కడుపులోకి దిగి ఉంటే డాక్టర్లే ఇంటికి పంపి, వారాల తరబడి ఆగి చూస్తారు. గొంతు కింద అన్నవాహికలో ఇరుక్కుని ఉంటే మాత్రం ఒక రోజుకి మించి ఉంచరు.

ఆగకూడనివి వేరే ఉన్నాయి. మొదటిది బ్యాటరీ.

జాతరలో కొన్న లైట్ల బొమ్మ ఒకటి చేతిలోకి తీసుకోండి. వెలిగే ఈలో, మెరిసే కొమ్ముల హెయిర్‌బ్యాండో, ఏదైనా సరే. వెనక్కి తిప్పితే చిన్న మూత కనిపిస్తుంది. చాలావాటికి స్క్రూ ఉండదు, గోరు పెట్టి లాగితే ఊడొస్తుంది. లోపల చొక్కా గుండీ అంత బ్యాటరీలు రెండో మూడో ఒకదానిమీద ఒకటి పేర్చి ఉంటాయి. బొమ్మ ఒకసారి గచ్చుమీద పడిందంటే అవన్నీ మంచం కిందకి దొర్లిపోతాయి, పాకే పాప చేతికి దొరుకుతాయి. కొనగానే మూతమీద గట్టి టేపు చుట్టేయండి. పిల్లలు మారాం చేస్తారు, చేయనీయండి.

వీటికంటే ప్రమాదం కారు తాళం రిమోట్లోనూ, బరువు చూసే మిషన్‌లోనూ ఉండే 20 మిల్లీమీటర్ల లిథియం బ్యాటరీ. ఇంచుమించు రూపాయి బిళ్ళంత ఉండి, చిన్నపిల్లల అన్నవాహికలో సరిగ్గా ఇరుక్కుంటుంది. అది పగిలి మందు కారితేనే ప్రమాదం అనుకుంటారు గానీ, అక్కర్లేదు. చుట్టూ ఉన్న తడి వల్ల దానిలోంచి కరెంటు పారి, ఆనుకున్న చోట ఘాటైన క్షారం పుడుతుంది. రెండు గంటల్లోనే కండ కాలిపోతుంది. అక్కడినుంచి శ్వాసనాళానికి చిల్లు పడొచ్చు, పక్కనున్న పెద్ద రక్తనాళం దాకా కూడా పోవచ్చు. రిమోట్ పనిచేయడంలేదని తీసి కిటికీలో పడేసిన పాత బ్యాటరీకి కూడా ఈ పని చేసేంత చార్జి మిగిలే ఉంటుంది. ఎక్స్‌రేలో నాణెంలాగే గుండ్రంగా కనిపించినా, అంచు దగ్గర రెండు గీతలు, గాజులో గాజులాగా ఉంటాయి. "నాణెమేమోలే" అని ఎవరైనా అంటే "అంచు ఒకసారి చూడండి సార్" అని అడగడానికి మొహమాటపడకండి.

ఏం మింగినా డాక్టర్ చూసేదాకా నోట్లో ఏమీ వేయకూడదు. ఈ నియమానికి ఒకే ఒక్క మినహాయింపు కూడా బ్యాటరీకే. పిల్లవాడికి ఏడాది నిండి, మింగి 12 గంటలు దాటకుండా, గుటక వేయగలుగుతుంటే, ఆసుపత్రికి వెళ్ళే దారిలో పది నిమిషాలకొకసారి రెండు టీస్పూన్ల తేనె పట్టవచ్చు. ఆరుసార్లకి మించొద్దు. తేనె కోసం కొట్టుకి పరిగెత్తి ఆలస్యం చేయొద్దు. ఏడాదిలోపు పిల్లలకి తేనె అసలే వద్దు.

రెండోది అయస్కాంతాలు. ఒక్కటైతే మామూలుగా వెళ్ళిపోతుంది. రెండు మింగితే, పేగులో ఒక మడతలో ఒకటి, ఇంకో మడతలో ఒకటి ఉండి, మధ్యలో పేగు గోడల్ని పట్టుకుని అతుక్కుంటాయి. నొక్కుకున్న చోట రక్తం ఆగి, కుళ్ళి, చిల్లు పడుతుంది. మొదట్లో పిల్లవాడు హాయిగా ఆడుకుంటూనే ఉంటాడు, అదే మోసం. అయస్కాంతపు గోళీల ఆటబొమ్మలు ఇంట్లో ఉంటే నా మాట విని తీసేయండి.

ఇక జాతర వేషాలు. మొక్కున్న మగవాళ్ళు చీర కట్టుకుంటారు, కట్టేవాళ్ళ పెదాల మధ్య నాలుగు పిన్నీసులు ఉంటాయి. "కదలకు బావా" అనబోయి నవ్వు ఆపుకోలేక గుటక వేసిన ఒకావిడని నేను చూశాను. పిన్నీసు తెరిచి ఉంది. అదృష్టం, గంటలోపు వచ్చారు, ఎండోస్కోపీతోనే పోయింది. పిన్నీసులు మీ భుజంమీద చీరకే గుచ్చుకోండి. నోరు డబ్బా కాదు.

పెద్దవాళ్ళ సంగతి వేరు. మన చిత్తూరు వైపు సంగటి నమలం. ముద్ద చేసి, నాటుకోడి పులుసులో అద్ది, మింగేస్తాం. ఆ ముద్దతోపాటు సూదిలాంటి ఎముక ముక్క పోయినా తెలియదు. కట్టుడు పళ్ళ సెట్టు పెట్టుకున్న అవ్వలకీ తాతలకీ మరీ తెలియదు, అంగిలిని ప్లేటు కప్పేస్తుంది కదా. పులుసులో ముక్కలు వడ్డించేటప్పుడే వాళ్ళకి ఎముక తీసి పెట్టండి. గొంతులో గుచ్చుకుంటే మనవాళ్ళ మందు ఇంకో పెద్ద ముద్ద! దాంతో ఎముక లోతుగా దిగుతుంది, పైగా కడుపు నిండా తిండి ఉంటే మత్తు ఇవ్వడం కష్టమవుతుంది. పేగు చివర్లో చిల్లు పెట్టిన ఎముక అచ్చం అపెండిక్స్ నొప్పిలా కుడివైపు నొప్పి పుట్టిస్తుంది. నాలుగు రోజుల కింద కోడి తిన్నారనీ చేప తిన్నారనీ డాక్టరుకి చెప్పండి. సన్న ఎముక ఎక్స్‌రేలో కనిపించకపోవచ్చు, స్కానింగ్‌ కావాల్సి వస్తుంది.

మాత్రల షీటుని ఒక్కొక్కటిగా కత్తిరించి పెద్దవాళ్ళ చేతిలో పెట్టొద్దు. చీకట్లో రేకుతో సహా మింగేస్తారు, దాని మూలలు బ్లేడే.

మింగారని తెలిశాక వేలు పెట్టి కక్కించొద్దు. ఆముదం వద్దు, అరటిపండు వద్దు, నీళ్ళు కూడా వద్దు. ఊపిరి ఆడక మాట రాకపోతే మాత్రం అది వేరే ప్రమాదం: ముందుకు వంచి భుజాల మధ్య వీపుమీద అయిదు దెబ్బలు, తగ్గకపోతే వెనకనుంచి పట్టుకుని బొడ్డుపైన లోపలికీ పైకీ అయిదు నొక్కులు, అలా మార్చిమార్చి చేస్తూ 108కి ఫోన్. ఏడాదిలోపు పాపకైతే పొట్ట నొక్కకూడదు, రొమ్ము మధ్యలో నొక్కాలి.

అలాంటి మరో బొమ్మో, మరో బ్యాటరీయో ఉంటే వెంట తీసుకెళ్ళండి, డాక్టరుకి సగం పని తప్పుతుంది. బయల్దేరేముందు ఫోన్ చేసి ఒకే మాట అడగండి: "ఎండోస్కోపీ ఇప్పుడు చేసేవాళ్ళున్నారా?" తిరుపతిలో రుయా, స్విమ్స్ ఉన్నాయి. చిత్తూరు వాళ్ళకి వెల్లూరు దగ్గర, కుప్పం వాళ్ళకి అక్కడే మెడికల్ కాలేజీ ఉంది. వీధి చివర క్లినిక్కులో కడుపునొప్పి మాత్ర వేసుకుని పడుకోవద్దు. లాలాజలం మింగలేక కారుస్తున్నా, జ్వరం వచ్చినా, పచ్చగా వాంతి అయినా, మలం నల్లగా వచ్చినా, పొట్ట చెక్కలా బిగుసుకున్నా అర్ధరాత్రైనా బయల్దేరాల్సిందే.

"ఇంత ముల్లుకి పొట్ట కోయాలా?" అని సంతకం పెట్టేటప్పుడు అందరూ అడుగుతారు. కోసేది ముల్లు కోసం మాత్రమే కాదు. చిల్లులోంచి పేగులోని మురికి పొట్టంతా పరుచుకుంటుంది. దాన్ని సెలైన్‌తో కడగాలి, చిల్లు కుట్టాలి, పాడైన పేగు ముక్క తీసేసి రెండు కొసలు కలపాలి. తొందరగా వస్తే కొందరికి పొట్ట పెద్దగా కోయకుండా, చిన్న రంధ్రాలతోనే ఆపరేషన్ అయిపోతుంది. చీము పట్టాక వస్తే ఆ అతుకు నిలవదని పేగు కొస పొట్టమీదకి తెచ్చి సంచి తగిలిస్తారు. చాలామందికి కొన్ని నెలల తర్వాత ఇంకో ఆపరేషన్‌తో దాన్ని మూసేస్తారు.

ఆపరేషన్ అయ్యాక డాక్టర్ చెప్పేదాకా నోటితో ఏమీ ఇవ్వకూడదు. రెండో రోజు రాత్రి దుప్పటి కింద ఫ్లాస్కు దాచి అవ్వకి కాఫీ పట్టిన మనవడు మా వార్డులో ఉన్నాడు. ప్రేమే, కాదనను, కానీ కుట్లకి ప్రేమ తెలియదు. బ్యాటరీ తీసిన పిల్లలకైతే ఇంటికెళ్ళాక కూడా మూడు నాలుగు వారాలు కన్నేసి ఉంచండి. దగ్గినప్పుడు గానీ వాంతిలో గానీ ఒక్క చుక్క రక్తం కనిపించినా, బాగానే ఆడుకుంటున్నాడు కదా అని ఆగకుండా, పాత చీటీ పట్టుకుని ఆపరేషన్ చేసిన చోటికే వెంటనే తీసుకురండి.