సీడ్ ఒకటే, అంకెలు వేరు: ఆర్‌లో నాకు పనిచేసిన మార్గం

గుంటూరులో నా పీహెచ్‌డీ మిరప దిగుబడి డేటా మీద. సీనియర్ అక్క 2018లో ఆర్ (గణాంక విశ్లేషణకు వాడే ప్రోగ్రామింగ్ భాష)లో రాసిన స్క్రిప్ట్ నా ల్యాప్‌టాప్‌లో నడిపితే ఆమె థీసిస్‌లోని అంకెలు రాలేదు. డేటా ఫైల్ అదే, సీడ్ (యాదృచ్ఛిక ఎంపిక ప్రతిసారీ ఒకేలా రావడానికి ముందుగా ఇచ్చే సంఖ్య) కూడా అదే. గైడ్ గారికి ఏం చెప్పాలో అని ఒకటే టెన్షన్.

"అదేంటి, నా దగ్గర బాగానే వస్తోందిగా" అంది అక్క ఫోన్లో. వస్తుంది మరి, ఆమె సిస్టమ్‌లో ఇంకా 3.5 వెర్షనే ఉంది!

2019లో వచ్చిన ఆర్ 3.6.0లో యాదృచ్ఛికంగా ఎంపిక చేసే శాంపిల్ ఫంక్షన్ డిఫాల్ట్ పద్ధతిని 'రౌండింగ్' నుంచి 'రిజెక్షన్'కు మార్చారు. పాత పద్ధతి అన్ని సంఖ్యలకూ సమానంగా అవకాశం ఇచ్చేది కాదు, కాబట్టి మార్పు మంచిదే. కానీ దాంతో, సీడ్ అదే అయినా, మోడల్ ట్రైనింగ్‌కు ఏ మడులు, టెస్టింగ్‌కు ఏ మడులు అన్నది మారిపోతుంది.

స్క్రిప్ట్‌లో సీడ్ కంటే ముందు, ఆర్‌ఎన్‌జీకైండ్ అనే ఫంక్షన్‌తో శాంపిల్ కైండ్‌ను రౌండింగ్‌గా పెట్టాను. ఒక వార్నింగ్ వస్తుంది, రానివ్వండి. అంకెలు దశాంశాలతో సహా కలిశాయి. కొత్త విశ్లేషణలకు మాత్రం రిజెక్షనే ఉంచాను.

ప్యాకేజీలకు ఆర్‌ఎన్వ్ లాక్‌ఫైల్ (ఏ ప్యాకేజీ ఏ వెర్షనో రాసిపెట్టే ఫైల్) చాలు. అది ఆర్ వెర్షన్‌ను నమోదు చేస్తుందే గానీ ఇన్‌స్టాల్ చేయదు. దానికి, ఆర్‌తో సహా మొత్తం సెటప్‌ను ఒకేచోట కట్టిపెట్టే డాకర్ మేలు, కానీ మా ల్యాబ్‌లో ఆ పేరెత్తితేనే చిరాకు పడతారు. ప్రస్తుతానికి ఆర్ వెర్షన్ రీడ్‌మీ ఫైల్‌లో రాశాను.