బరువు తగ్గే ఆపరేషన్ అయ్యాక కడుపు మొరాయిస్తే ఏం చేయాలి?

కర్నూలు నుంచి హైదరాబాద్‌కో, అనంతపురం నుంచి బెంగళూరుకో, కడప నుంచి తిరుపతికో చెన్నైకో వెళ్ళి బరువు తగ్గే ఆపరేషన్ చేయించుకుని వచ్చేవాళ్ళు ఇప్పుడు ప్రతి ఊళ్ళో ఒకరిద్దరు కనిపిస్తున్నారు. ఆపరేషన్ కొన్ని గంటల్లో అయిపోతుంది, నాలుగు రోజుల్లో ఇంటికి పంపేస్తారు. అసలు కథ ఆ తర్వాతే. చేతిలో పెట్టిన డైట్ కాగితంలో సూప్, ఓట్స్, స్మూతీ అని ఉంటుంది. ఇంట్లో సంగటి, పులుసు, ఊరిబిండి ఉంటాయి. రాత్రి పదకొండింటికి వాంతులు మొదలైతే పొద్దున దాకా ఆగొచ్చా, లేక అప్పటికప్పుడు బండెక్కాలా అన్నది ఆ కాగితంలో ఉండదు. ఈ రెండూ తేల్చుకోగలిగితే సగం టెన్షన్ పోయినట్టే.

ముందు మీకు చేసింది ఏ ఆపరేషనో తెలుసుకోండి

"పొట్ట తగ్గించే ఆపరేషన్" అంటే ఇక్కడి డాక్టరుకు ఏమీ అర్థం కాదు. స్లీవ్ అనే రకంలో జీర్ణాశయాన్ని నిలువుగా కోసి 75 నుంచి 80 శాతం తీసేస్తారు. మిగిలేది సన్నటి గొట్టం లాంటి సంచి. బైపాస్‌లో పైన సుమారు 30 మిల్లీలీటర్ల చిన్న సంచి చేసి, దాన్ని నేరుగా చిన్నపేగుకు కలుపుతారు. తిన్నది మిగతా జీర్ణాశయాన్నీ పేగు మొదటి భాగాన్నీ తాకకుండా కిందికి పోతుంది. మినీ బైపాస్‌లో సంచి పొడుగ్గా ఉంటుంది, పేగును ఒకే చోట అతుకుతారు. స్లీవ్ వాళ్ళకు గుండెల్లో మంట ఎక్కువ. బైపాస్ వాళ్ళకు తీపి పడకపోవడం, అతుకు దగ్గర పుండు, పేగు మెలిక లాంటివి ఎక్కువ. అందుకే పేరు ముఖ్యం.

డిశ్చార్జ్ సమ్మరీని ఫోటో తీసి ఫోన్లో పెట్టుకోండి. ఇంట్లో ఇంకొకరి ఫోన్లో కూడా ఉండాలి, ఎందుకంటే మీరు చెప్పలేని స్థితిలో ఉన్నప్పుడే దాని అవసరం పడుతుంది. ఆపరేషన్ పేరు, తేదీ, చేసిన సర్జన్ నంబరు కనిపిస్తే చాలు. వాంతులని చెప్పగానే ముక్కులోంచి గొట్టం వేయబోతే, ముందు ఆ కాగితం చూపించండి. కొత్త కుట్ల మీద చూడకుండా గొట్టం దించడం మంచిది కాదు.

మొదటి రెండు నెలలు తొందరపడకండి

సాధారణంగా మొదటి రెండు వారాలు పలచటి ద్రవాలు, తర్వాత రెండు వారాలు మెత్తగా రుబ్బినవి, ఆపైన మెత్తటి ముద్దలు. మామూలు తిండికి వచ్చేసరికి రెండు నెలలు పడుతుంది. మీ సర్జన్ వేరే లెక్క చెబితే అదే పాటించండి.

మన ఇళ్ళల్లో దీనికి కష్టమేమీ లేదు. వడకట్టిన పప్పుకట్టు, పలచటి మజ్జిగ, కొబ్బరినీళ్ళు, ఉప్పేసిన రాగిజావ ఉండనే ఉన్నాయి. జావకు ఒక చెంచా రాగిపిండిని చల్లటి నీళ్ళలో ఉండ కట్టకుండా కలిపి, మరిగే నీళ్ళలో పోసి, పచ్చి వాసన పోయేదాకా కలుపుతూ ఉడికించి, చల్లారాక మజ్జిగ కలిపి వడకట్టాలి. గరిటె ఎత్తితే నీళ్ళలా జారిపోవాలి. ముద్దగా పడిందంటే ఇంకా నీళ్ళు కావాలి. బెల్లం వద్దు. దగ్గుమందు సీసా మూతతో ఒక్కో మూత చొప్పున చప్పరిస్తూ తాగితే కొలత తప్పదు.

సంగటి: మింగే అలవాటు మానాలి

సీమ వాళ్ళకు ప్రత్యేకంగా చెప్పాల్సిన మాట ఇది. మనం సంగటిని నమలం. ముద్ద తుంచి పులుసులో అద్ది గుటుక్కున మింగుతాం. నమిలితే పళ్ళకు అతుక్కుంటుందని పెద్దవాళ్ళు చిన్నప్పుడే మింగడం నేర్పిస్తారు. ఆపరేషన్ అయిన కడుపుకు ఇదే పెద్ద ప్రమాదం. ఆ ముద్ద సన్నటి దారిలో అడ్డం పడుతుంది. ఛాతీ మధ్యలో ఎవరో పిడికిలితో నొక్కినట్టు ఉంటుంది, నోట్లో జిగట నీళ్ళు ఊరతాయి, చివరికి తిన్నది తిన్నట్టే పైకి వస్తుంది. కడుపులో దేవినట్టు కూడా ఉండదు, ఊరికే వచ్చేస్తుంది.

మెత్తటి తిండి దశ దాటి, సర్జన్ సరేనన్నాకే సంగటి జోలికి పోండి. అప్పుడు కూడా బియ్యం బాగా మెత్తబడేలా, పలచగా చేయించుకుని, శనగగింజంత ముక్క తుంచి, పులుసులోనో పప్పులోనో కలిపి, నీళ్ళయ్యేదాకా నమిలి మింగాలి. జొన్నరొట్టె, అది కూడా పొద్దున చేసింది సాయంత్రానికి ఎండిపోతే, ఇంకా గట్టిగా అడ్డం పడుతుంది. పప్పులో నానబెట్టి తినండి. నాటుకోడి, పొట్టేలు మాంసం మొదట్లో ఖైమా చేయిస్తేనే దిగుతుంది.

అడ్డం పడిందనిపిస్తే నీళ్ళు తాగి కిందికి తోయాలని చూడకండి. నీళ్ళు కూడా పైన నిలబడిపోయి బాధ పెరుగుతుంది. తినడం ఆపి, లేచి నాలుగడుగులు వేసి, ఊపిరి నెమ్మదిగా తీసుకోండి. చాలాసార్లు కాసేపటికి దిగిపోతుంది. ఆ పూటకు ఇక ద్రవాలే.

ఇది ఎప్పుడో ఒకసారి అయితే తొందరపాటు. ఆపరేషన్ అయిన నెల నుంచి మూడు నెలల మధ్య, ముందు గట్టి తిండి, తర్వాత మెత్తటిది, తర్వాత జావ కూడా దిగకుండా పోతుంటే అది తొందరపాటు కాదు, దారి మూసుకుపోతోందన్నమాట. ఎండోస్కోపీలో బెలూన్‌తో ఆ దారి వెడల్పు చేస్తారు. మళ్ళీ కోయాల్సిన అవసరం సాధారణంగా రాదు. కాబట్టి భయపడి దాచకండి.

నీళ్ళు ఎప్పుడు తాగాలి?

అన్నంతో పాటు నీళ్ళు వద్దు. తినడానికి అరగంట ముందు ఆపి, తిన్నాక అరగంట ఆగి తాగాలి. వినడానికి తేలికే, మే నెలలో అనంతపురంలో ఉంటే తెలుస్తుంది. బయట 42 డిగ్రీలు, గడగడా తాగే వీలు లేదు. రోజుకు లీటరున్నర నుంచి రెండు లీటర్లు గుక్కగుక్కగా పూర్తి చేయాలంటే సీసా పక్కనే ఉండాలి. మూత్రం ముదురు పసుపులో వస్తుంటే చాలడం లేదని అర్థం. గోలీసోడా, కూల్‌డ్రింకులు మానేయండి. ఆ గ్యాసుకు చోటు లేదు లోపల.

ఓలిగ తిన్నాక చెమటలు పడితే

దీన్నే డంపింగ్ అంటారు. బైపాస్ అయినవాళ్ళకు ఎక్కువ, స్లీవ్ వాళ్ళకు కూడా రావచ్చు. తీపి గబుక్కున చిన్నపేగులోకి జారిపోతుంది, దాన్ని పలచన చేయడానికి ఒంట్లోని నీరు పేగులోకి లాగబడుతుంది. తిన్న పది నిమిషాల నుంచి అరగంటలోపు కడుపు మెలిపెట్టడం, గుండె దడ, చెమటలు, కళ్ళు తిరగడం, ఆ వెంటనే విరేచనం. ఇది మొదటి రకం. రెండో రకం గంట నుంచి మూడు గంటల తర్వాత వస్తుంది. తీపికి ఇన్సులిన్ ఎక్కువగా ఊరి, రక్తంలో షుగర్ పడిపోయి, చేతులు వణకడం, విపరీతమైన ఆకలి, మాట తడబడటం.

ఉగాదికి ఓలిగలు, ఎండాకాలం నన్నారి షర్బత్, కాలేజీ ముందు చెరకురసం, ఆరోగ్యమని తాగే చక్కెర వేసిన చీనీ రసం, అన్నీ ఈ బాపతే. జనం ఓలిగ దగ్గర జాగ్రత్త పడి చీనీ రసం దగ్గర దొరికిపోతారు, పండు రసం కదా అని. పండును తొనలుగా నమిలి తినండి, రసం తీయకండి.

మొదటి రకం వస్తే తినడం ఆపి పడుకోండి. అరగంటలో తగ్గుతుంది. గుండెల్లో మంట కూడా ఉన్నవాళ్ళు తలకింద రెండు దిండ్లు పెట్టుకుని ఒరగాలి. రెండో రకంలో వీలైతే గ్లూకోమీటరుతో చూసుకోండి. 70 కంటే తక్కువుంటే మూడు చెంచాల చక్కెర నీళ్ళలో కలిపి తాగి, పావుగంట తర్వాత మళ్ళీ చూసి, తేరుకున్నాక ఉడికించిన గుడ్డో పనీరో తినండి. తీపి ఒక్కటే తిని వదిలేస్తే మళ్ళీ పడిపోతుంది. స్పృహ తప్పుతున్నవాళ్ళ నోట్లో ఏదీ పోయకుండా 108కి ఫోన్ చేయాలి. షుగర్ మాత్రలు, ఇన్సులిన్ పాత మోతాదులోనే వాడుతున్నా ఇలాగే పడిపోతుంది. బరువు తగ్గుతున్నకొద్దీ మందులు తగ్గించాల్సి వస్తుంది కాబట్టి డాక్టరును అడగండి.

రాకుండా చూసుకోవాలంటే ముందు గుడ్డు, పప్పు, చికెన్, చేప తిని, తర్వాత కూర, చివర్లో ఆకలుంటే అన్నం. రోజుకు 60 నుంచి 80 గ్రాముల ప్రోటీన్ కావాలి, ఒక గుడ్డులో ఉండేది ఆరు గ్రాములే. అన్నం ముందు తింటే దీనికి చోటు మిగలదు.

గ్యాస్, విరేచనాలు, మలబద్ధకం

పాలు తాగగానే కడుపు ఉబ్బి విరేచనమైతే పాలు మాని పెరుగు, మజ్జిగకు మారండి. చాలామందికి అంతటితో సరి. బైపాస్ వాళ్ళకు ఉబ్బరం, కంపు గ్యాసు, విరేచనాలు వారాల తరబడి ఉంటే పేగులో బ్యాక్టీరియా పెరిగి ఉండొచ్చు, దానికి యాంటీబయాటిక్ కోర్సు ఉంటుంది. మలబద్ధకానికి తక్కువ నీళ్ళు, తక్కువ తిండి, ఐరన్ మాత్రలు కారణాలు. ఇసబ్‌గోల్ చాలినన్ని నీళ్ళు లేకుండా వేసుకుంటే అదే లోపల ఉబ్బి అడ్డం పడుతుంది. అడక్కుండా మొదలుపెట్టకండి.

మంటకు మందు, మంటకు కారణం

ఎర్రకారం దోసె, ఉగ్గానితో మిరపకాయ బజ్జీ కొన్నాళ్ళు పక్కన పెట్టక తప్పదు. అయితే బైపాస్ వాళ్ళకు కారం కంటే పెద్ద శత్రువు మెడికల్ షాపులో దొరికే నొప్పి మాత్ర. మోకాళ్ళ నొప్పులకని డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్ వాడితే పేగు అతికిన చోట పుండు పడుతుంది, అది చిల్లు పడేదాకా పోవచ్చు. షాపులో అడిగేటప్పుడే "నాకు బైపాస్ అయింది, పారాసెటమాల్ ఇవ్వండి" అనండి. గుండె బైపాస్ అనుకుంటారు, కడుపుది అని కూడా చెప్పండి. బీడీ, సిగరెట్ కూడా అంతే హాని చేస్తాయి.

కుడి పక్కటెముకల కింద నొప్పి, నూనె తిండి తిన్నాక వచ్చి వీపులోకో కుడి భుజంలోకో పాకితే పిత్తాశయంలో రాళ్ళు కావచ్చు. బరువు వేగంగా తగ్గేటప్పుడు ఇవి ఏర్పడతాయి. అందుకే చాలామంది సర్జన్లు ఆరు నెలలు అర్సోడియాక్సీకోలిక్ యాసిడ్ మాత్ర రాస్తారు. "ఇది దేనికో" అని మధ్యలో ఆపేయకండి.

వాంతులు ఆగకపోతే, గ్లూకోజు కంటే ముందు

మన దగ్గర నీరసం అనగానే సందు చివర డాక్టరు ఒక గ్లూకోజు బాటిల్ ఎక్కిస్తారు. మామూలు మనిషికి పెద్దగా నష్టం లేదు. రోజుల తరబడి వాంతులవుతున్న ఈ ఆపరేషన్ మనిషికి మాత్రం నష్టం జరగొచ్చు. విటమిన్ బి1, అంటే థయమిన్, ఒంట్లో రెండు మూడు వారాలకే సరిపోయేంత నిల్వ ఉంటుంది. అది అడుగంటినప్పుడు గ్లూకోజు ఎక్కిస్తే ఉన్న కొద్దిపాటి థయమిన్ కూడా ఖర్చయి మెదడు దెబ్బతింటుంది. చూపు రెండుగా కనిపించడం, నడక తూలడం, తికమకగా మాట్లాడటం, పాదాల తిమ్మిర్లు దాని గుర్తులు. రెండు మూడు రోజులుగా వాంతులవుతుంటే బాటిల్ పెట్టేముందే "థయమిన్ ఇంజెక్షన్ ముందు ఇస్తారా డాక్టరుగారూ?" అని అడగండి. అడిగినందుకు విసుక్కునే డాక్టరైతే కాగితం చూపించి సర్జన్‌తో ఫోన్లో మాట్లాడించండి.

వెంటనే బయలుదేరాల్సినవి

మొదటి నెలలో జ్వరం, పడుకున్నా తగ్గకుండా నాడి నిమిషానికి 120 దాటడం, ఎడమ భుజం నొప్పి, ఆయాసం. వీటిలో ఏది కనిపించినా కుట్లు వదులై లీకవుతోందేమోనని చూడాలి. కడుపు నొప్పి లేకపోయినా ఇది ఉండొచ్చు. నల్లటి విరేచనం, రక్తం వాంతి ఎప్పుడైనా సరే ఎమర్జెన్సీయే. నీళ్ళు కూడా 24 గంటలుగా నిలవకపోయినా అంతే.

బైపాస్ వాళ్ళు ఇంకొకటి గుర్తుంచుకోవాలి. ఆపరేషన్ అయిన ఏడాదికైనా రెండేళ్ళకైనా, బరువు బాగా తగ్గాక, పేగు లోపలి సందుల్లో దూరి మెలిపడొచ్చు. వచ్చిపోయే గట్టి నొప్పి, తిన్నాక ఎక్కువవడం దీని తీరు. గర్భిణులకు ప్రమాదం ఇంకా ఎక్కువ. ఎక్స్‌రే బాగానే ఉందని ఇంటికి పంపినా నొప్పి తగ్గకపోతే సీటీ స్కాన్ గురించి అడగండి.

ఇలాంటప్పుడు నేరుగా హైదరాబాద్, బెంగళూరు దారి పట్టకండి. 200 కిలోమీటర్లు కారులో నొప్పితో పోవడం కంటే కర్నూలు, అనంతపురం జీజీహెచ్‌లోనో, కడప రిమ్స్‌లోనో, దగ్గర్లో సర్జన్, సీటీ ఉన్న ఆసుపత్రిలోనో ముందు చేరి, సెలైన్, నొప్పి మందు మొదలయ్యాక, మీ సర్జన్ చెబితే అంబులెన్సులో కదలడం మేలు.

మాత్రలు, పరీక్షలు

మల్టీవిటమిన్, బి12, డి, ఐరన్, క్యాల్షియం జీవితాంతం ఉంటాయి. బరువు తగ్గింది, బాగున్నాను అని ఆపేసేవాళ్ళే రెండేళ్ళకు జుట్టు రాలి, కాళ్ళు తిమ్మిరెక్కి వస్తారు. ఐరన్‌కూ క్యాల్షియానికీ రెండు గంటల ఎడం ఉండాలి, ఐరన్ వేసుకున్నాక వెంటనే టీ వద్దు. క్యాల్షియంలో సిట్రేట్ రకం బైపాస్ వాళ్ళకు బాగా ఒంటబడుతుంది, షాపులో కార్బొనేట్ ఇస్తే మార్పించుకోండి. రక్తపరీక్షలు మొదటి ఏడాది మూడు నెలలకు, ఆరు నెలలకు, ఏడాదికి, ఆపైన ఏటా ఒకసారి. రక్తం మీ ఊరి ల్యాబులోనే ఇచ్చి, రిపోర్టు వాట్సాప్‌లో సర్జన్‌కు పంపితే చాలాసార్లు ప్రయాణం తప్పుతుంది. పిల్లల కోసం చూస్తున్న ఆడవాళ్ళు ఆపరేషన్ అయ్యాక ఏడాది నుంచి ఏడాదిన్నర దాకా ఆగి, మొదలుపెట్టే ముందు ఈ పరీక్షలన్నీ చేయించుకోవాలి.