ఇసుక నేల ద్రవీకరణ అంచనా: ఎస్‌పీటీ, సీపీటీ కొలతలను పోల్చే పద్ధతి
1964 భూకంపంలో జపాన్‌లోని నీగాటాలో వదులైన తడి ఇసుక ద్రవంలా మారి అపార్ట్‌మెంట్లు పక్కకు ఒరిగిపోయాయి. అటువంటి నేలను ముందే గుర్తించాలంటే, పక్కపక్కనే చేసిన రెండు పరీక్షలను, అంటే ఎస్‌పీటీని (గొట్టాన్ని సుత్తితో నేలలోకి దిగగొట్టే పరీక్ష), సీపీటీని (శంకువును నేలలోకి నొక్కే పరీక్ష), ఒకే లోతులో పోల్చడం మేలు.

ఎస్‌పీటీలో 63.5 కిలోల సుత్తి దెబ్బలలో మొదటి 15 సెంటీమీటర్లవి వదిలి, తర్వాతి 30 సెంటీమీటర్లవి లెక్కించి, ఆ సంఖ్యను, సుత్తి సిద్ధాంత శక్తిలో 60 శాతం గొట్టానికి అందే ప్రమాణానికి సవరించాలి. ఈ సవరణ లేని పోలికకు విలువ లేదు. ఆ తర్వాతే సీపీటీ శంకువు మొన నిరోధాన్ని వాతావరణ పీడనంతో, ఆపై దెబ్బల సంఖ్యతో భాగించాలి. శుభ్రమైన ఇసుకలో ఈ నిష్పత్తి సుమారు 5 ఉంటుంది, సన్నని ఒండ్రు పెరిగేకొద్దీ తగ్గుతుంది. కనుక గొట్టంలో వచ్చిన మట్టిని 75 మైక్రాన్ల జల్లెడపై కడిగి చూడాలి. నిష్పత్తి అసహజంగా ఉంటే, బోరులో నీటిమట్టం పడిపోయి అడుగు ఇసుక వదులైందేమో పరిశీలించాలి.

పైమట్టి భారానికీ సవరించాక, శుభ్రమైన ఇసుకలో దెబ్బలు 30 దాటితే ద్రవీకరణ భయం దాదాపు ఉండదు.